వృత్తి జట్టులో చోటు ఎప్పుడు? ఒక యువ హాకీ ఫార్వర్డ్ విషయంలో తీసుకొన్న నిర్ణయాలు

విజయవాడలో యువ క్రీడాకారుల శారీరక సన్నద్ధతను, గాయాల తరువాతి పునరావాసాన్ని, ఏడాది పొడవునా వారి మీద పడే శిక్షణ భారాన్ని చూసుకోవడం నా వృత్తి. నా దగ్గరికి వచ్చేవారిలో కబడ్డీ, అథ్లెటిక్స్, బ్యాడ్మింటన్ పిల్లలే ఎక్కువ. హాకీ పిల్లలు తక్కువ. అయినా ఈ హాకీ కేసునే వివరంగా రాయాలనుకొన్నాను. వృత్తి జట్టు నుంచి పిలుపు వచ్చిన కుర్రవాణ్ణి పంపాలా, ఆపాలా అన్న ప్రశ్న ఏ ఆటలోనైనా ఎదురయ్యేదే గాని, దానికి జవాబును సాధారణంగా వెతికే చోట కాక మరోచోట వెతకవలసి ఉంటుందని ఈ కేసులో అడుగడుగునా తేలింది. కుటుంబం అంగీకారంతోనే రాస్తున్నాను. గుర్తుపట్టడానికి వీలిచ్చే ఊరి పేరు, జట్ల పేర్లు, సంవత్సరాలు వదిలేశాను. ఆటతో సంబంధం లేని కొన్ని వివరాలను మార్చాను.

నేపథ్యం

అతడిది గుంటూరు జిల్లాలో ఒక గ్రామం. తండ్రి మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమాస్తా. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల వ్యాయామోపాధ్యాయుడు చేతికి స్టిక్ ఇచ్చి, సాయంత్రాలు మట్టి మైదానంలో ఆట నేర్పారు. మగపిల్లలు అత్యంత వేగంగా ఎత్తు పెరిగే దశ సగటున 14 ఏళ్ల ప్రాంతంలో వస్తుంది. తల్లి చెప్పిన గుర్తులను బట్టి, పాఠశాల రికార్డులో ఉన్న ఎత్తులను బట్టి చూస్తే ఇతడికి అది బాగా ముందే వచ్చింది. సబ్‌జూనియర్ స్థాయిలో తోటి పిల్లలు ఇంకా పిల్లలుగా ఉన్నప్పుడు ఇతడు పెద్దవాడి కాళ్లతో పరుగెత్తాడు. రాష్ట్ర జట్టులోకి వచ్చాడు, జూనియర్ జాతీయ పోటీల్లో గోల్స్ చేశాడు. కుడివైపు ఫార్వర్డ్, అంటే ముందు వరుసలో ఉండి గోల్ కోసం దాడి చేసేవాడు. ఆడిన ప్రతి మ్యాచ్‌లోనూ జట్టుకు ఇతడే ఆధారం కాబట్టి మైదానం నుంచి బయటికి తీసినవారు లేరు.

మట్టి మైదానం నేర్పే ఆట గురించి ఇక్కడ కొంత చెప్పాలి. మట్టి మీద బంతి ఎక్కడ ఎగురుతుందో తెలియదు. అందుకని పిల్లలు ముందు బంతిని ఆపుతారు, స్టిక్ కింద భద్రం చేసుకొంటారు, ఆ తరువాతే తలెత్తి చూస్తారు. దీనివల్ల చేతివాటం అద్భుతంగా వస్తుంది. ఇరుకులో ఇద్దరిని తప్పించుకొని పోగల డ్రిబ్లింగ్ వస్తుంది. నీళ్లు చల్లిన సింథటిక్ టర్ఫ్ (కృత్రిమ గడ్డి) మీద బంతి తిన్నగా, చాలా వేగంగా వస్తుంది. అక్కడ ఆపి చూసే వ్యవధి ఉండదు. బంతి రాకముందే చుట్టూ చూసి ఉండాలి, కదులుతూ అందుకోవాలి. ఇతడు టర్ఫ్ మీద ఆడినదంతా రాష్ట్ర జట్టు శిబిరాల్లోనూ పోటీల్లోనూ మాత్రమే. రోజువారీ సాధన ఊళ్లో మట్టి మీదే.

నా ముందుకు వచ్చిన ప్రశ్న

పదిహేడేళ్ల వయసులో, ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం చదువుతుండగా, ఒక వృత్తి జట్టు ప్రతిభాన్వేషకుల దృష్టిలో పడ్డాడు. ఇక్కడ మన లీగ్ నిర్మాణం తెలుసుకోవడం అవసరం. ఏడేళ్ల విరామం తరువాత 2024-25లో హాకీ ఇండియా లీగ్‌ను పునరుద్ధరించినప్పుడు ఒక్కొక్క పురుషుల జట్టుకు 24 మంది ఆటగాళ్లు, వారిలో కనీసం 16 మంది భారతీయులు, ఆ భారతీయుల్లో కనీసం నలుగురు జూనియర్లు ఉండాలని నియమం పెట్టారు. వేలంలో కనీస ధర 2 లక్షలు, 5 లక్షలు, 10 లక్షలు అని మూడు అంచెలుగా ఉంది. నియమం ఉద్దేశం మంచిదే, యువకులకు దారి తెరిచింది. కాని ప్రతి జట్టుకూ నలుగురు జూనియర్లు కావలసి వచ్చినప్పుడు, పిలుపు రావడం కొంతవరకు నియమం వల్ల జరిగే పని. కుర్రవాడు ఆ స్థాయికి సిద్ధమయ్యాడనడానికి దానిని సాక్ష్యంగా తీసుకోలేం. ఆ సంగతి కుటుంబానికి మొదటి రోజే చెప్పాను, ఎవరికీ నచ్చలేదు.

తండ్రి, స్థానిక కోచ్, మేనమామ కలిసి వచ్చారు. "సార్, మావాణ్ణి పంపొచ్చా, పంపకూడదా, ఒక్క మాటలో చెప్పండి" అన్నారు తండ్రి. మేనమామ మన్‌దీప్ సింగ్ పేరెత్తాడు: 2013లో లీగ్ మొదటి సీజన్‌లో రాంచీ రైనోస్ తరఫున ఆడేనాటికి అతడికి పద్దెనిమిదేళ్లే, ఆ సీజన్ నుంచే జాతీయ జట్టులోకి వెళ్లాడు కదా అని. వివేక్ సాగర్ ప్రసాద్ 2018లో పదిహేడేళ్లకే భారత్ తరఫున ఆడిన సంగతి కూడా ఆయనకు తెలుసు. రెండూ నిజమే. అయితే ఆ వయసులో వెళ్లి నిలబడినవారి పేర్లే మనకు వినబడతాయి. వెళ్లి, బెంచి మీద కూర్చుని, తిరిగివచ్చి, ఆట మానేసినవారి పేర్లు ఎవరూ గుర్తుపెట్టుకోరు. కాబట్టి ఆ ఇద్దరి వయసును కొలబద్దగా పెట్టుకోలేమని చెప్పి, ప్రశ్నను మూడుగా విడదీశాను. ఆ స్థాయి భారాన్ని ఒళ్లు తట్టుకొంటుందా? ఆ వేగంలో ఆట నిలుస్తుందా? అక్కడ దొరికే చోటు ఇతడికి ఏమి ఇస్తుంది, ఏమి పోగొడుతుంది? మొదటి రెండు ప్రశ్నలు అందరూ అడుగుతారు. మూడోది ఎవరూ అడగరు, చివరికి నిర్ణయం దాని మీదే ఆధారపడింది.

మొదటి పరిశీలన

శారీరక పరీక్షలు మొత్తం మీద బాగున్నాయి. యో-యో టెస్టు (అటూ ఇటూ పరుగెత్తించి దమ్ము కొలిచే పరీక్ష), పొట్టి దూరపు పరుగు రెండూ వయసుకు మించి ఉన్నాయి. వరుసగా తక్కువ విరామంతో పరుగెత్తించినప్పుడు మాత్రం వేగం త్వరగా పడిపోయింది. తొడ లోపలి కండరాలు కాళ్లలోని మిగతా కండరాలతో పోలిస్తే బలహీనంగా ఉన్నాయి. హాకీలో నడుము వంచి, కాళ్లు వెడల్పుగా పెట్టి, పక్కలకు దూసుకుపోయే కదలికలు ఎక్కువ కాబట్టి గజ్జ ప్రాంతంలో గాయానికి ఇదే మూలం అవుతుంది. ఎదుగుదల దాదాపు పూర్తయింది, వెన్నులో నొప్పి లేదు. వైద్యపరంగా ఆపవలసిన కారణం ఏదీ కనబడలేదు.

అసలు సంగతి వీడియోలో ఉంది. కోచ్ దగ్గర ఉన్న జూనియర్ మ్యాచ్‌ల దృశ్యాలు తెప్పించి, ఇతడి గోల్స్‌నూ, గోల్ అవకాశాలనూ రెండు రకాలుగా విడదీశాను. మొదటి రకం, బంతి అందిన తరువాత వేగంతో ఎదుటివాణ్ణి దాటి వెళ్లి చేసినవి. రెండో రకం, బంతి రాకముందే ఖాళీ చోటికి చేరుకొని, అందుకొని చేసినవి. మొదటి రకమే చాలా ఎక్కువ. మొదటి రకానికి ఆధారం ఎదుటివాడికంటే వేగంగా ఉండడం. పాతికేళ్ల, ముప్పయ్యేళ్ల డిఫెండర్ల ముందు ఆ తేడా కరిగిపోతుంది. రెండో రకానికి ఆధారం ఆటను చదవడం, అది స్థాయి మారినా వెంట వస్తుంది. త్వరగా ఎదిగిన పిల్లల్లో ఈ అసమతౌల్యం నేను ఇతర ఆటల్లోనూ చూశాను: ఒంటి బలంతో పని జరిగిపోతున్నంత కాలం కన్ను నేర్చుకోవలసిన అవసరం రాదు.

ఇంత తెలిశాక కూడా "వద్దు" అనడం తొందరపాటే అవుతుంది. వీడియోలో కనిపించని సామర్థ్యం పెద్దవాళ్ల మధ్య బయటపడవచ్చు. అలాగని ఒప్పందం చేసుకొన్నాక వెనక్కు రావడం కష్టం. ఇక్కడ ఉత్తర అమెరికా ఐస్ హాకీ నుంచి ఒక ఆలోచన అరువు తెచ్చుకొన్నాను. అక్కడి వృత్తి లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల ఆటగాడు సీజన్‌లో తొమ్మిది మ్యాచ్‌ల వరకు ఆడినా అతడి తొలి ఒప్పందంలో ఒక సంవత్సరం ఖర్చయినట్టు లెక్కించరు. పదో మ్యాచ్ ఆడితే లెక్కిస్తారు. అందుచేత అక్కడి జట్లు తొమ్మిదో మ్యాచ్ దగ్గర ఆగి, కుర్రవాణ్ణి ఉంచుకోవాలా, జూనియర్ జట్టుకు తిరిగి పంపాలా అని తేల్చుకొంటాయి. డబ్బు లెక్క కోసం పుట్టిన నియమమే అయినా, పరీక్షా కాలాన్నీ, తిరిగివచ్చే దారినీ ముందే నిర్ణయించడం కుర్రవాడికి కూడా మేలు చేస్తుంది. వెనక్కు రావడం అప్పుడు అవమానం అనిపించదు, క్రమంలో భాగం అనిపిస్తుంది. మనకు అలాంటి నియమం లేదు కాబట్టి మేమే ఒకటి ఏర్పరచుకొన్నాం. ఒప్పందం లేకుండా ఆహ్వానిత ఆటగాడిగా సన్నాహక శిబిరానికి పంపడం, శిబిరం ముగిసిన వారంలో కూర్చొని తేల్చడం. జట్టు యాజమాన్యం మర్యాదగానే ఒప్పుకొంది.

శిబిరంలో తెలిసినది

విడివిడి సాధనల్లో ఇతడు మెరిశాడు. ప్రాక్టీసు మ్యాచ్‌లు మొదలయ్యాక కథ మారింది.

హాకీలో ఆటగాళ్లను ఎన్నిసార్లయినా మార్చవచ్చు. పదిహేను నిమిషాల చొప్పున నాలుగు క్వార్టర్లు జరిగే ఆటలో వృత్తి జట్లు ఫార్వర్డ్‌లను కొన్ని నిమిషాలకోసారి మారుస్తూనే ఉంటాయి, ఎందుకంటే ఎదుటి జట్టు వెనక నుంచి బంతిని బయటికి తేకుండా పూర్తి వేగంతో ఒత్తిడి పెట్టడం ఫార్వర్డ్ మొదటి పని, ఆ పని అరవై నిమిషాలూ ఎవరూ చేయలేరు. మా కుర్రవాడు అరవై నిమిషాలు ఆడడం తెలిసినవాడు. అంటే, తెలియకుండానే తనను తాను దాచుకొంటూ, ఊపిరి తీసుకొంటూ, అవకాశం వచ్చినప్పుడు విజృంభించడం తెలిసినవాడు. నాలుగు నిమిషాల కోసం బెంచి మీది నుంచి లేచి వెళ్లడం అతడికి కొత్త. ఆటలో పడేసరికే మూడో నిమిషం వచ్చేది. అప్పటికి బయటికి పిలిచేవారు.

బంతి లేనప్పుడు ఇంకా ఇబ్బంది. బంతి ఉన్న డిఫెండర్ మీదికి తిన్నగా పరుగెత్తేవాడు. లోపలి దారి మూసి, అతణ్ణి పక్కగీత వైపు తోలుకుపోవలసిన కోణం తెలియదు. ఒక్క పాస్‌తో ఇతడి పరుగంతా వృథా అయ్యేది, వెనక నడిమి వరుసలో ఉన్న హాఫ్ ఆటగాడు ఒంటరివాడయ్యేవాడు. ఒక మ్యాచ్‌లో బంతి పోగొట్టుకొన్న కోపంలో వెనక నుంచి ట్యాకిల్ చేసి (బంతి లాక్కోబోయి) గ్రీన్ కార్డు తెచ్చుకొన్నాడు. గ్రీన్ కార్డు అంటే రెండు నిమిషాలు బయట కూర్చోవడం, జట్టు పది మందితో ఆడడం. శిబిరం చివర అక్కడి కోచ్ ఇచ్చిన అభిప్రాయం నిష్పాక్షికంగా ఉంది: బంతి చేతికొస్తే చూడముచ్చటగా ఉన్నాడు, బంతి లేనప్పుడు మేం ఒకరు తక్కువగా ఆడుతున్నట్టుంది, అయినా నాలుగో జూనియర్‌గా తీసుకోవడానికి అభ్యంతరం లేదు.

దీనిని ఎవరికి తోచినట్టు వారు అర్థం చేసుకొన్నారు. తండ్రి ఒంటి బలం చాలలేదన్నారు. స్థానిక కోచ్ భాష సమస్య అన్నారు, అందులో కొంత నిజం ఉంది కూడా: మైదానంలో కేకలన్నీ హిందీలోనూ ఇంగ్లిషులోనూ ఉంటాయి, తెలుగులో ఆలోచించి అర్థం చేసుకొని కదిలే లోపల ఆ అర క్షణం గడిచిపోతుంది. నాకు ముఖ్యంగా కనబడినది వేరు. ఒక తప్పు జరిగాక ఇతడి ఆట ఆ క్వార్టర్ అంతా కూలిపోతోంది. ఊళ్లో తప్పు చేస్తే తరువాతి పది నిమిషాల్లో ఒక గోల్ చేసి సరిచేసుకొనేవాడు. ఇక్కడ ఆ పది నిమిషాలు ఎవరూ ఇవ్వరు.

ఫలించని ప్రయత్నం

ముందుగా బలం, పరుగు మీద పనిచేశాం. ఆ క్రమానికి కారణం ఉంది. తొడ లోపలి కండరాల బలహీనతా, వరుస పరుగుల్లో పడిపోవడమూ కొలిచి చూపగలిగిన లోపాలు. ఏ దారిన వెళ్లినా వాటిని సరిచేయక తప్పదు. కుటుంబం నమ్మకం నిలవాలన్నా కంటికి కనిపించే మార్పు కావాలి. కొన్ని నెలల్లో సంఖ్యలు మెరుగుపడ్డాయి. వరుస పరుగుల్లో చివరి పరుగు మొదటి పరుగుకు దగ్గరగా వచ్చింది, ఒంటికి కండ పట్టింది.

తరువాత రాష్ట్ర స్థాయి సీనియర్ పోటీల్లో చూస్తే ఆట మారలేదు. అదే తిన్నని పరుగు, ఇప్పుడు ఇంకొంచెం వేగంగా. పైపెచ్చు హాకీ సాధన తగ్గించకుండా స్థానికంగా అదనపు పరుగు కలపడంతో గజ్జలో కండరం పట్టేసి, కొంతకాలం నెమ్మదించవలసి వచ్చింది. ఈ దశ అనవసరమని నేను అనను. బలం పెరిగాక కూడా ఆట మారకపోవడం వల్లనే అసలు అడ్డంకి బలం కాదని అందరికీ, ముఖ్యంగా తండ్రికి, తేటతెల్లమైంది. అంతకుముందు ఎంత చెప్పినా అది నా అభిప్రాయంగానే మిగిలింది.

చోటు వద్దనుకోవడం

ఈలోగా ఒప్పందానికి గడువు వచ్చింది. ఈ కేసులో అన్నిటికంటే కష్టమైన సంభాషణ అదే. తండ్రి నెల జీతంతో పోలిస్తే రెండు లక్షలు చిన్న మొత్తం కాదు, దానిని వదులుకొమ్మని చెప్పే హక్కు నాకు ఉందా అన్న సందేహం నాకూ ఉంది. అందుకని వదులుకొమ్మని చెప్పలేదు. రెండు దారుల్లో వచ్చే ఏడాది ఎలా గడుస్తుందో నెలవారీగా కాగితం మీద రాసి, వారి ముందు పెట్టాను.

మొదటి దారిలో, నాలుగో జూనియర్‌గా చేరితే, పైన విదేశీ ఆటగాళ్లూ జాతీయ జట్టు ఆటగాళ్లూ ఉన్న ఫార్వర్డ్ వరుసలో మ్యాచ్ నిమిషాలు దాదాపు దొరకవు. 2024-25 సీజన్ డిసెంబరు 28న మొదలై ఫిబ్రవరి 1న ముగిసింది. సన్నాహక శిబిరం కలుపుకొంటే ఆ కాలమంతా హోటలు, సాధన, బెంచి. ఆ వెంటనే మార్చిలో ఇంటర్ పబ్లిక్ పరీక్షలు. గొప్ప ఆటగాళ్ల పక్కన సాధన చేయడం వల్ల లాభం ఉంటుంది, అది కాదనను. కాని ఇతడికి కావలసినది తప్పు చేసి, దాని తరువాతి రెండు నిమిషాలు ఎలా ఆడాలో మ్యాచ్‌లో నేర్చుకోవడం. నిమిషాలు లేనిచోట అది నేర్చుకోలేడు. పైగా జట్టు యాజమాన్యం దృష్టిలో ఒకసారి పడిన ముద్ర చెరగడానికి సమయం పడుతుంది; బంతి లేనప్పుడు పనికిరాడన్న పేరుతో మొదలుపెట్టడం కంటే ఒక ఏడాది ఆగి మొదలుపెట్టడం చవక.

రెండో దారిలో, మరో రాష్ట్రంలో స్టైపెండ్ మీద యువకులను తీసుకొనే ఒక సంస్థ జట్టు ఉంది. అక్కడ డబ్బు తక్కువ, పేరు అసలే లేదు. టర్ఫ్ రోజూ దొరుకుతుంది, ఎదుట ఆడేవారు పెద్దవాళ్లు, ఇతడు అక్కడ తార కాదు, మార్పిడిలో ఒకడు. పరీక్షలకు వచ్చి రాసి వెళ్లడానికి ఒప్పుకొన్నారు. ఉద్యోగానికి దారి కూడా అటువైపే ఉంది, ఈ సంగతి తల్లి అడిగితేనే బయటికి వచ్చింది. మగవాళ్లందరం లీగ్ గురించి మాట్లాడుతుంటే "మోకాలు విరిగితే ఎవరు చూస్తారండీ" అని ఆవిడ అడిగిన ప్రశ్న ఆ రోజు అన్నిటికంటే ఆచరణాత్మకమైనది. రెండో దారినే ఎంచుకొన్నారు. మేనమామ చాలాకాలం నాతో మాట్లాడలేదు.

పనిచేసినది

సంస్థ జట్టు కోచ్‌తో, స్థానిక కోచ్‌తో కలిసి నాలుగు విషయాల మీదే పని పెట్టుకొన్నాం.

బెంచి మీది నుంచి వేడిగా లేవడం మొదటిది. సాధనలో కూడా ఇతణ్ణి కొంతసేపు ఊరికే కూర్చోబెట్టి, హఠాత్తుగా పిలిచి, నాలుగు నిమిషాలు పూర్తి వేగంతో ఆడించి, మళ్లీ కూర్చోబెట్టేవారు. కూర్చొన్నప్పుడు చేయవలసిన పని నిర్ణయించాం: మొదట నీళ్లు, తరువాత గీత వెనక పొట్టి పరుగులు, లేచే ముందు ఎదుటి జట్టులో ఏ డిఫెండర్ ఏ వైపుకు బంతి ఇస్తున్నాడో కోచ్‌కు చెప్పడం. ఈ చివరిది చిన్న ఉపాయమే గాని దానితో రెండు పనులు జరిగాయి. కూర్చొన్నంతసేపూ ఆట చూడక తప్పలేదు. లోపలికి వెళ్లేసరికి మొదటి పని ఏమిటో తెలిసిపోయింది. మైదానంలోకి వెళ్లగానే గోల్ గురించి ఆలోచించవద్దని, మొదటి చర్య ఎప్పుడూ ఆ డిఫెండర్ లోపలి దారి మూయడమేనని నియమం పెట్టాం. ఏం చేయాలో వెతుక్కొనే కుర్రవాడికి చేతిలో ఒక పని పెడితే కంగారు సగం తగ్గుతుంది.

రెండోది, బంతి రాకముందు చూడడం. వెనక నిలబడిన కోచ్ రంగు గుడ్డ పైకెత్తడం, బంతి అందుకొనేలోపు ఇతడు ఆ రంగు చెప్పడం అన్న సాధన పాతదే, ఇప్పటికీ పనిచేస్తుంది. మట్టి మైదానపు అలవాటు మానడానికి ఊహించినదానికంటే ఎక్కువ కాలం పట్టింది. నడుమ కొన్ని వారాలు పాత చేతివాటమూ పోయి, కొత్త చూపూ రాక ఆట మొత్తం అధ్వాన్నంగా కనిపించింది. అప్పుడు సంస్థ జట్టు కోచ్ ఓపిక పట్టకపోతే ఈ కేసు ఇక్కడే ఆగిపోయేది.

మూడోది ట్యాకిల్‌లో ఓర్పు. తొందరపడి స్టిక్ విసరకుండా, కాళ్లతో ఎదుటివాణ్ణి అడ్డుకుంటూ వెనక్కు నడవడం. సొంత 23 మీటర్ల ప్రాంతంలో కావాలని చేసిన ఫౌల్‌కు పెనాల్టీ కార్నర్ (దాడి చేసే జట్టుకు గోల్ దగ్గర దొరికే ప్రత్యేక అవకాశం) ఇస్తారు, సీనియర్ ఆటలో పెనాల్టీ కార్నర్ అంటే గోల్‌కు సూటి దారి. ఫార్వర్డ్ వెనక్కు వచ్చి సాయం చేయబోయి అలాంటి ఫౌల్ చేస్తే రాకపోవడమే నయం. నాలుగోది భాష. తోటి ఆటగాళ్లలో ఒక పెద్దాయన హిందీ పిలుపులు కొన్ని నేర్పి, సాధనలో వాటినే వాడమని పట్టుబట్టాడు. దానికి నా అవసరం లేకపోయింది.

కొలవడం ఎలా అన్నదానిలోనే నా వంతు ఎక్కువ. గోల్స్ లెక్క, పరుగెత్తిన దూరం, సగటు రేటింగులు పక్కన పెట్టాను. ప్రతి మ్యాచ్‌లో క్వార్టర్ వారీగా నాలుగు సంగతులు రాసుకొనేవాళ్లం: సొంత సగంలో పోగొట్టుకొన్న బంతులు, ఇతడి పక్క నుంచి ఒక్క పాస్‌తో విరిగిపోయిన ఒత్తిడి, ప్రమాదకరమైన చోట చేసిన ఫౌల్స్, కార్డులు. ఆ మ్యాచ్‌కు అంచనా వేసేటప్పుడు సగటు తీయకుండా, అన్నిటికంటే చెడ్డ క్వార్టర్‌నే తీసుకొనేవాళ్లం. వృత్తి జట్టు కోచ్ పద్దెనిమిదేళ్లవాణ్ణి లోపలికి పంపేముందు తనకు తాను వేసుకొనే ప్రశ్న ఇతడు ఎంత గొప్పగా ఆడగలడని కాదు. ఇతడి అధ్వాన్నమైన నాలుగు నిమిషాలు నాకెంత ఖర్చు అని. ఆ కోచ్ కొలిచే దానినే మేమూ కొలవాలి. మొదట్లో చెడ్డ క్వార్టర్ ఎప్పుడూ ఒక తప్పును వెన్నంటి వచ్చేది. నెలలు గడిచేకొద్దీ తప్పులు అంతగా తగ్గలేదు, తప్పు తరువాతి ఆట మాత్రం నిలబడింది. మంచి క్వార్టర్‌కూ చెడ్డ క్వార్టర్‌కూ తేడా తగ్గడమే సిద్ధపడుతున్నాడనడానికి మాకు దొరికిన గుర్తు.

నడుమ ఒక చిన్న నిర్ణయం. సంక్రాంతికి ఊరు వచ్చినప్పుడు మట్టి మైదానంలో బహుమతి పోటీ ఆడతానన్నాడు. సంస్థ జట్టు కోచ్ వద్దన్నారు. గాయం భయం, పాత అలవాట్ల భయం. నేను ఆడనిమ్మన్నాను. నెలల తరబడి బంతి లేని పని చేసినవాడికి, చప్పట్లు కొట్టే జనం ముందు నలుగురిని తప్పించి గోల్ చేసే అవకాశం ఒకసారి దొరకాలి. ఆ ఆటే వద్దనేటంతగా శిక్షణ బిగిస్తే మిగిలేది క్రమశిక్షణ గల సాధారణ ఆటగాడు. గజ్జ బాగుంది, భారం తక్కువ ఉన్న వారం. ఆడాడు, పొట్టేలు గెలిచాడు, క్షేమంగా తిరిగి వెళ్లాడు.

తరువాతి సీజన్‌కు మరో వృత్తి జట్టు జూనియర్‌గా తీసుకొంది. మొదటి మ్యాచ్‌లలో ఆడించలేదు. ఒక సీనియర్ గాయపడ్డాక లోపలికి వచ్చి, మిగిలిన సీజన్‌లో చిన్న చిన్న విడతలుగా ఆడాడు. గోల్స్ పెద్దగా లేవు. ఆధిక్యంలో ఉన్నప్పుడు, చివరి క్వార్టర్‌లో, ఇతణ్ణి పంపడం మొదలుపెట్టారు. గోల్ సంఖ్యకంటే నాకు అది ఎక్కువ చెప్పింది.

ఈ కేసు నుంచి తీసుకోదగినవి, తీసుకోరానివి

ఇప్పుడు ఇలాంటి ప్రశ్నతో ఎవరు వచ్చినా, పిల్లవాడు సిద్ధమా అని విడిగా చూడను. ఏ చోటుకు, ఏ పాత్రకు, ఎన్ని నిమిషాలకు సిద్ధమా అని అడుగుతాను. జట్టు వారిని కూడా ఇదే అడగమని తల్లిదండ్రులకు చెబుతాను: మావాడు ఎవరి స్థానంలో, ఏ పరిస్థితిలో లోపలికి వస్తాడు? స్పష్టమైన జవాబు వస్తే, అది చిన్న పాత్రే అయినా, పంపవచ్చు. "చూద్దాం" అన్న జవాబుకు విలువ కట్టేటప్పుడు ఆ ఏడాది మరోచోట దొరికే ఆటను కూడా త్రాసులో వేయాలి.

ఈ లెక్క అందరికీ వర్తించదు. గోల్‌కీపర్ విషయం పూర్తిగా వేరు. ప్రతి జట్టులోనూ రెండో కీపర్‌కు నిమిషాలు ఎలాగూ తక్కువ. కాని అంతర్జాతీయ స్థాయి డ్రాగ్ ఫ్లిక్‌లను (పెనాల్టీ కార్నర్‌లో బంతిని స్టిక్‌తో ఈడ్చి గోల్‌లోకి విసిరే షాట్లను) ప్రతిరోజూ సాధనలో ఎదుర్కోవడం మరోచోట దొరకదు, పైగా కీపర్లు పరిణతి చెందడానికి ఎక్కువ కాలం పడుతుంది. చిత్తూరు జిల్లా నుంచి వెళ్లి భారత జట్టుకు ఆడిన రజని ఎతిమర్పు వంటి కీపర్‌ను ఆదర్శంగా పెట్టుకొన్న పిల్లలు మన దగ్గర ఉన్నారు. ఆ పిల్లలకు ఫార్వర్డ్ కొలత పెట్టకూడదు. పెనాల్టీ కార్నర్ నిపుణుడికి ఆ ఒక్క విద్యతోనే ముందుగా చోటు దొరకవచ్చు, అయితే డ్రాగ్ ఫ్లిక్‌లో నడుము వంగి మెలితిరగడం వల్ల ఎదిగే వయసు వెన్నుపూసలో ఒత్తిడి పగుళ్లకు ఆస్కారం ఉంది కాబట్టి రోజుకు ఎన్ని ఫ్లిక్‌లన్నది లిఖితపూర్వకంగా ఒప్పించుకోకుండా పంపను. అమ్మాయిల విషయంలో ఎదుగుదల రెండేళ్లు ముందుగా వస్తుంది. మహిళల లీగ్ 2025 జనవరిలో నాలుగు జట్లతోనే మొదలైంది కాబట్టి వచ్చిన చోటును వదులుకొంటే మరొకటి దొరకడం అంత తేలిక కాదు. అక్కడ వేచి ఉండమనే సలహాకు ధర ఎక్కువ.

మరో సంగతి. ఇతడు ఒక ఏడాది ఆగడం వల్ల బాగుపడ్డాడని నిరూపించే మార్గం లేదు. మొదటిసారే వెళ్లి ఉంటే ఏమయ్యేదో ఎవరం చూడలేదు. కేవలం వయసు పెరగడం వల్లనే కొంత మార్పు వచ్చి ఉండవచ్చు. తప్పు తరువాతి ఆట మెరుగైన కాలమూ, నాలుగు నిమిషాల విడతల సాధన జరిగిన కాలమూ కలిసి వచ్చాయన్నంతవరకే నేను చెప్పగలను.

ప్రస్తుతం మళ్లీ ఒక నిర్ణయం ముందుంది. సంస్థ జట్టు పూర్తిస్థాయి ఉద్యోగం ఇస్తానంటోంది, అయితే లీగ్ కాలంలో సెలవుల సంఖ్యపై పరిమితి పెడుతోంది. వృత్తి జట్టు మరో సీజన్ ఉంచుకొంటానంది. తండ్రి ఈసారి ఒక్క మాటలో చెప్పమని అడగలేదు. ఫోన్‌లో నేరుగా "ఎన్ని నిమిషాలు ఆడిస్తారో వాళ్లను అడిగామండీ, ఇంకా చెప్పలేదు" అన్నారు. వారి జవాబు వచ్చేవరకు ఉద్యోగపు కాగితాల మీద సంతకం చేయకుండా, గడువు తేదీని మాత్రం రాతపూర్వకంగా తీసుకొమ్మని చెప్పాను.